నాయన పంచె పోగు

కరిగిన బెల్లం మళ్ళీ దానంతట అదే దిమ్మ కడుతుందని చెబితే మా నాయన నమ్మలేదు.

"నీళ్ళలో కలిసిపోయినాక ఇంగ అది యాడుంటాది అమ్మణ్ణీ? మళ్ళా పొయ్యి మీదికి ఎక్కించల్ల, పాకం పట్టల్ల, ముద్ద చెయ్యల్ల. దానంతట అది యాడ కడతాది" అన్నాడు. పూతలపట్టు దగ్గర మా ఊళ్ళో చెరుకు ఆడించి బెల్లం వండుకుంటూ బతికిన మనిషి. కూతురు తిరుపతిలో ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "కరిగిపోయింది మళ్ళా యెట్ల కట్టుకుంటాదో సూస్తా ఉండాదంట" అని చెప్పేవాడు. నిజం చెప్పాలంటే నా పరిశోధన గురించి అంతకంటే బాగా నేను కూడా ఎవరికీ చెప్పలేకపోయాను.

మన కణాల్లో, కోతి కణాల్లో, ఎలుక కణాల్లో గాల్జీ అనే ఒక కణాంగం ఉంటుంది. పల్చటి సంచులు దోసెల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కేంద్రకం పక్కన కూర్చుని ఉంటాయి. కణంలో తయారయ్యే చాలా ప్రోటీన్లు ముందు ఈఆర్ అనే పెద్ద పొరల వలలో పుడతాయి. అక్కణ్ణుంచి గాల్జీకి వచ్చి, చివరి మెరుగులు దిద్దించుకుని, ఎక్కడికి పోవాలో అక్కడికి పోతాయి. ఒక రకం బూజు నుంచి తీసిన మందు ఉంది. అది వేస్తే కొన్ని నిమిషాల్లో ఆ దొంతర మొత్తం విడిపోయి ఈఆర్‌లో కలిసిపోతుంది. మందు కడిగేస్తే గంటకో రెండు గంటలకో పాత జాగాలోనే దొంతర మళ్ళీ లేస్తుంది. ఎవరూ అచ్చు పోయరు, ఎవరూ పేర్చరు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మా ల్యాబ్‌లో అందరూ కొట్లాడుకునేది ఒక్క ప్రశ్న మీదే. అలా కరిగిపోయినప్పుడు కేంద్రకం పక్కన ఏదైనా తోడు మిగులుతుందా, పాలల్లో వేసే మజ్జిగ చుక్కలాగా, దాని చుట్టూ కొత్త గాల్జీ పేరుకుంటుందా? లేక ఏమీ మిగలకుండా, ఈఆర్ మీద అక్కడక్కడా కొత్తగా పుట్టి తర్వాత ఒకచోటికి చేరుతుందా? మా సార్‌ది తోడు పక్షం. ప్రపంచంలో వేరే వాళ్ళు ఇంకో మాట అంటున్నారని ఆయనకు తెలుసు. తెలిసినా, మనం పెంచే కోతి కణాలు మన మాటే వింటాయన్నట్టు ఉండేవాడు.

చిక్కేమిటంటే మా కణాలు ఎవరి మాటా వినేవి కావు. ఒకసారి తోడు ఉన్నట్టు కనిపించేది, ఇంకోసారి కణమంతా చిన్న చిన్న చుక్కలు. మందు పాతదన్నారు, నీళ్ళు మంచివి కాదన్నారు, ఒకాయన ఏకంగా శ్రీకాళహస్తికి పోయి రాహుకేతు పూజ చేయించుకుని వచ్చాడు. ఆ వారం మాత్రం అందరికీ చుక్కలే కనిపించాయి.

అక్క గురించి చెప్పాలి. చెప్పకుండా కుదరదు కాబట్టి చెబుతున్నాను.

ఆమె నాకంటే నాలుగైదేళ్ళు సీనియర్. చిత్తూరు టౌన్లో కిరాణా వ్యాపారం చేసుకునే వాళ్ళ అమ్మాయి. నేను ల్యాబ్‌లోకి అడుగుపెట్టిన రోజు కణాలున్న ఫ్లాస్కు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో గుండెకు హత్తుకుంటే, నా చెయ్యి పట్టుకుని "బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోవాకు పాపా, ఇవి నీకంటే గట్టివి" అంది. ఆ మధ్యాహ్నమే తన క్యారియర్ తెరిచి నా ముందు పెట్టింది. అప్పట్నుంచి నేను ఆమె డబ్బాలో, ఆమె నా డబ్బాలో. మా అమ్మ చేసే ఊరిబిండి పచ్చడి అంటే ఆమెకు ప్రాణం. అనపకాయల కాలంలో వాళ్ళింట్లో పితికిన పప్పు వండితే నా వాటా తీయకుండా ఇంట్లో ఎవరినీ తిననిచ్చేది కాదట. నాకు తోబుట్టువులు లేరు. అక్కా అని పిలవడానికి ఒక మనిషి దొరికిందని నేను మురిసిపోయాను. మురిసిపోయాను అంటే మామూలుగా కాదు, ఇంటికి పోయి ఆమె మాటలే చెప్పి మా అమ్మకు విసుగు తెప్పించేదాన్ని.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని ఆమెను అందరూ అనేవాళ్ళు. మెచ్చుకోలుగానే అనేవాళ్ళు.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉండేది. స్లైడు చేసినవాళ్ళు స్లైడు లెక్కపెట్టకూడదు. తన బిడ్డ తనకు ముద్దు కాబట్టి, మన ప్రయోగంలో మనకు కావలసిందే మన కళ్ళకు కనిపిస్తుందని సార్ భయం. అందుకని స్లైడు మీద రాసింది కనబడకుండా దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించి, అన్నీ కలిపేసి ఇంకొకరి చేతికి ఇవ్వాలి. వాళ్ళు మైక్రోస్కోపు కింద పెట్టి ఏ స్లైడులో గాల్జీ కట్టుకుంది, ఏ దాంట్లో లేదు అని చెప్పాలి. ఆ తర్వాతే ప్లాస్టర్ పీకి చూడాలి. లెక్క చెప్పినవాళ్ళ మాటే చివరి మాట. నావి అక్క చూసేది, ఆమెవి నేను చూసేదాన్ని. రంగులు చూపించే మైక్రోస్కోపు పక్క డిపార్ట్‌మెంటులో తాళం వేసిన గదిలో ఉండేది. ఆ గది తాళంచెవి సీనియర్ కాబట్టి అక్క దగ్గరే ఉండేది. అందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఇంట్లో బీరువా తాళాలు పెద్దవాళ్ళ దగ్గర ఉండవా?

గాల్జీకి మేము పచ్చగా వెలిగే రంగు వేసేవాళ్ళం, కేంద్రకానికి నీలం. స్లైడు మీద అద్దం అంటించడానికి మంచి మందులు తెప్పించుకునే స్తోమత లేదు. మేమే కలుపుకున్న గ్లిజరిన్ వాడేవాళ్ళం. దాంతో ఒక ఇబ్బంది. ఒకసారి వెలుతురు కింద పెట్టి చూశాక పచ్చ రంగు రెండు మూడు రోజుల్లో వెలవెలబోయేది. వారం తిరిగేసరికి ఫ్రిజ్‌లో పెట్టినా ఏమీ మిగిలేది కాదు. మొదటి వారంలోనే అక్క నాకు నేర్పింది, "పచ్చ రంగు అత్తారింటికి వచ్చిన అల్లుడు మాదిరి పాపా, శానా రోజులుండదు. ఉన్నప్పుడే ఫోటో తీసుకోవల్ల."

స్లైడు మీది ఆ పల్చటి అద్దాలు తుడవడానికి అందరూ మెత్తటి కాగితం వాడేవాళ్ళు. నేను మా నాయన పాత పంచె ముక్క వాడేదాన్ని. ఉతికి ఉతికి వెన్నలాగా మెత్తబడిన పంచె. ఎంత జాగ్రత్తగా తుడిచినా ఎప్పుడో ఒక పోగు అద్దానికి అంటుకునేది. బట్టలు తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో కలిపే మందు ఏదో ఆ మైక్రోస్కోపు కాంతిలో నీలంగా మెరుస్తుంది. అందుకని నా స్లైడుల్లో అప్పుడప్పుడు ఒక నీలం పోగు వెలుగుతూ కనిపించేది. ప్లాస్టర్ వేసి ఏం లాభం, స్లైడు ఎవరిదో అక్కకు తెలిసిపోయేది. "మీ నాయన వచ్చినాడు సూడు, కాళ్ళు కడుక్కోను నీళ్ళియ్యి" అని నవ్వేది. కాగితం వాడమని సార్ చెప్పినా నేను మానలేదు. నాకు ఆ పంచె దగ్గరుంటే ధైర్యంగా ఉండేది.

ఇక ఆ మే నెల. మా గదిలో ఏసీ చెడిపోయింది. తిరుపతి ఎండలు తెలిసిన వాళ్ళకు నేను వర్ణించి చెప్పాల్సిన పని లేదు, తెలియని వాళ్ళు అదృష్టవంతులు. మందు కడిగిన కణాలను బల్ల మీద పెట్టి, తర్వాతి పనికి సరంజామా సిద్ధం చేసుకుంటూ చెమట తుడుచుకుంటున్నాను. బల్లకు అంటించిన పద్ధతి కాగితంలో ఆ అంచె దగ్గర "గది ఉష్ణోగ్రతలో ఉంచండి" అని ఉంది. మేమంతా ఏళ్ళ తరబడి అలాగే ఉంచుతున్నాం. ఆ రోజు నా చెమట చుక్క ఆ కాగితం మీద పడ్డాక తట్టింది. ఇది రాసినవాడి గది ఏది? వాడెవడో మంచు కురిసే దేశంలో స్వెట్టర్ వేసుకుని రాసుంటాడు. వాడి గదిలో బల్ల మీద కణం చలికి ముడుచుకుని, ఏ పనీ చెయ్యకుండా ఆగిపోతుంది. అందుకే అక్కడ ఉంచమన్నాడు. మా గది దాదాపు ఒంటి వేడి మీద ఉంది. గాల్జీ కదలకుండా ఉందని మేము అనుకుంటున్న ఆ కాసేపట్లోనే అది లేచి కట్టుకోవడం మొదలుపెట్టేస్తోంది. ఏసీ బాగా పనిచేసిన రోజు ఒక ఫలితం, పని చెయ్యని రోజు ఇంకొకటి. రాహువూ లేడు, కేతువూ లేడు.

నేను ఎవరికి చెప్పాను? సార్‌కు కాదు. పరిగెత్తుకుంటూ పోయి అక్కకు చెప్పాను. ఆమె చేతిలో ఉన్న పని ఆపేసి, "ఇన్నేళ్ళు మన బుర్రలు యాడికి పోయినాయి పాపా" అంది. ఆ కళ్ళలో నిజంగానే సంతోషం ఉంది. ఇప్పటికీ ఆ మాట అంటాను, సంతోషమే.

తర్వాత నేను చేసిన ప్రయోగం చాలా సాదా. ఒకే రోజు, ఒకే ఫ్లాస్కు కణాలు. మందు కడిగాక కొన్ని చల్లగా, కొన్ని వెచ్చగా, కొన్ని ఆ రెంటి మధ్య. మధ్యలో ఉంచిన వాటి మీదే నా ఆశ. పూర్తిగా ఆగిపోకుండా, పూర్తిగా కట్టుకోకుండా, మొదలుపెట్టి సగంలో నిలబడి ఉంటే గాల్జీ పుట్టే మొదటి క్షణం కంటికి చిక్కుతుంది. అది తోడు చుట్టూ పేరుకుంటోందా, అక్కడక్కడా కొత్తగా పుడుతోందా అన్నది తేలిపోతుంది. నా ఫెలోషిప్ గడువు ఆ ఏడాదితో సరి. అది తేలితే నాకు థీసిస్ ఉంటుంది, లేకపోతే ఏమీ లేదు. అక్కకూ ఆ సంగతి తెలుసు. ఆమె పరిస్థితీ అంతకంటే గొప్పగా లేదని నాకూ తెలుసు.

ప్లాస్టర్లు అంటించి, స్లైడులు ట్రేలో పెట్టి ఆమెకు ఇచ్చాను. ఆ సాయంత్రం ఆమె తాళం వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమీ లేదు పాపా. అన్నీ ఒకటే మాదిరి ఉండాయి. గాల్జీ యాడా కట్టలా, అంతా పొగ మాదిరి పరుసుకోనుండాది. కణాలు సచ్చిపోతా ఉండాయేమో, రెండు మార్లు సూసినాను."

అన్నీ ఒకటే అయినప్పుడు ప్లాస్టర్ పీకి చూసే పని కూడా లేకపోయింది. ఒక్కసారి నేనూ చూస్తానక్కా అన్నాను. "నేను సూసినాను కదా" అంది, అంత మెత్తగా. నేను ఏడిస్తే తన కొంగుతో నా మొహం తుడిచింది. స్లైడులు ఏం చేయమంటావు అని అడిగితే, పారేయమన్నాను.

మళ్ళీ చెయ్యడానికి కొత్త మందు రావాలి, రాలేదు. సార్ ఆ దారి మూసేశాడు. గడువు అయిపోయింది. నేను డాక్టరేటు లేకుండానే బయటికి వచ్చి శ్రీకాళహస్తిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటున్నాను. ఊరికి పోతే నాయన ఒకసారి అడిగాడు, ఆ కరిగింది మళ్ళీ కట్టుకుందా అని. లేదు నాయనా అన్నాను. "నేను సెప్పలేదా" అన్నాడు, అని నా ముఖం చూసి మాట మార్చాడు.

కొంతకాలం తర్వాత తిరుపతిలో ఒక సెమినార్‌కు మా కాలేజీ నన్ను పంపింది. మాట్లాడేవాళ్ళలో అక్క ఉంది. పేరుకు ముందు డాక్టర్ చేరింది. నేను గర్వంగానే ముందు వరసలో కూర్చున్నాను. ఆమె నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, నవ్వి, మొదలుపెట్టింది.

చల్లటి గది, వెచ్చటి గది, మధ్య గది. పద్ధతి కాగితంలో గది అంటే ఎవరి గది అని అడిగింది. జనం నవ్వారు. అది నా మాట, నా చెమట చుక్క. ఆ తర్వాత తెర మీదికి ఒక బొమ్మ వచ్చింది. పెద్ద కణం, నీలం కేంద్రకం. దాని పక్కన తోడు లేదు, ఏమీ లేదు. కణమంతటా, ఈఆర్ అంచుల వెంబడి, ఇప్పుడే పుట్టిన పచ్చటి చిన్న చిన్న చుక్కలు, ఒక్కొక్కటీ వేరుగా, నక్షత్రాల కంటే స్పష్టంగా. నేను చూడాలనుకున్నది అదే. దేవుడా, ఎంత బాగుందో. ఒక్క క్షణం ఎవరు చేశారన్నది కూడా మర్చిపోయి ఆనందపడ్డాను.

అప్పుడు కుడివైపు మూల చూశాను. కొడవలిలా వంగిన ఒక నీలం పోగు.

మా నాయన వచ్చాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా అమ్మ అంటూ ఉంటుంది. ఆ మాట అర్థం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు నా చెయ్యి దానంతట అదే లేచింది.

"ఆ మూల నీలంగా వెలుగుతున్నది ఏమిటి మేడమ్?" అన్నాను.

ఆమె తెర వైపు చూడలేదు. "అదా, ఏదో దారం. దుమ్ము. దానికి అర్థం ఏమీ లేదు" అంది. తర్వాతి ప్రశ్న అని వేరే ఆయన వైపు తిరిగింది.

భోజనాల దగ్గర నేను షామియానా కింద ఒక్కదాన్నే నిలబడి ఉంటే ఆమే వచ్చింది. చేతిలో పాత క్యారియర్. అక్కడ పెట్టే భోజనం ఆమెకు పడదు.

"పాపా, నువ్వు అడిగేదానికి ముందే నేనే సెబుదామనుకుంటి" అంది. "ఆ పొద్దు నాకు నిజంగా అగపడలా. నువ్వు పారెయ్యమన్నావు, మనసొప్పక ఫ్రిజ్‌లో పెట్టినాను. శానా నెల్లకి ఫ్రిజ్ సర్దతా ఉంటే దొరికినాయి. ఊరికే ఒకమారు పెట్టి సూస్తే, అప్పుడు అగపడినాయి. నువ్వు పోయేసి ఉండావు. ఏం జేసేది?"

"ఫోన్ చెయ్యొచ్చు కదక్కా."

"సిగ్గేసింది. లెక్క తప్పు సెప్తినే అని."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, కళ్ళు మోసం చేస్తాయనే కదా ఆ ఆచారం పెట్టుకున్నాం. పేరు కలపకపోవడం తప్పే, కానీ అబద్ధం చెప్పలేదు కదా, మనిషి మనిషే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవాలని అంతగా ఉండింది. ఆమె మూత తీసింది. పితికిన పప్పు. "తిను, నీకని ఎత్తి పెట్టినాను" అంది. నేను ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నాను.

శ్రీకాళహస్తి బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు, ముఖానికి గాలి. కళ్ళు మూసుకుంటే ఆ బొమ్మే. పచ్చటి చుక్కలు, ఎంత వెలుగు, ఒక్కొక్కటీ గుచ్చినట్టు. నా జీవితంలో నేను చేసిన వాటిలో అంత బాగా వెలిగిన స్లైడు ఇంకొకటి లేదు అనుకున్నాను.

బస్సు రేణిగుంట దాటుతుండగా కళ్ళు తెరిచాను.

శానా నెల్లకి ఫ్రిజ్ సర్దతా ఉంటే దొరికినాయి. మా గ్లిజరిన్‌లో. ఒకసారి వెలుతురు కింద పెట్టి లెక్కపెట్టిన స్లైడులు. వారం తిరిగితే పచ్చ మిగలని స్లైడులు.

ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. వేళ్ళకు ఇంకా ఆ పప్పు వాసన వేస్తోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనేమో, నా డబ్బాలో తిని, నా ముఖం తుడిచి, తాళంచెవి కొంగున ముడేసుకుని. ఇంతా చేసి, ఈ రోజు కూడా నాకు ముద్ద పెట్టి పంపించింది. నేను తిన్నాను.

ఫోన్ తీసి చేశాను. రెండో రింగుకే ఎత్తింది. "సెప్పు పాపా" అంది.

"పచ్చ రంగు శానా రోజులుండదని నాకు నేర్పింది నువ్వే కదక్కా" అన్నాను.

అవతల ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు, ప్లేట్ల చప్పుడు, తర్వాత ఆమె పక్కకు నడిచినట్టుంది, ఆ చప్పుళ్ళు దూరమయ్యాయి. బస్సు ఒక స్టాపులో ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని, మళ్ళీ బయల్దేరింది.

"ఇల్లు సేరినావా పాపా?" అంది అక్క.